మైకుకి మూడడుగుల వెనక

మన బడి గురించి ఈ స్వర్ణోత్సవ సంచికలో చాలామంది రాస్తున్నారు. భవనాల గురించి, ప్రధానోపాధ్యాయుల గురించి, ఆటల్లో గెలుచుకొచ్చిన కప్పుల గురించి రాయడానికి నాకంటే తెలిసినవాళ్లు ఉన్నారు. నా వంతుకి వచ్చింది పాట. డెబ్బయ్యో దశకం మొదట్లో మన ప్రార్థన బృందం రేడియో స్టేషనుకి వెళ్లి పాడి వచ్చిందన్న సంగతి పూర్వవిద్యార్థుల్లో చాలామంది విన్నదే. ఆ గదిలో ఏం జరిగిందో, మా చేత ఎలా పాడించారో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. వెళ్లిన ఏడుగురిలో నేనొకణ్ణి.

మేం చూసింది ఒక్కటే చెబితే అది మా ఏడుగురి జ్ఞాపకం. దానికి ముందూ వెనకా ఉన్న కథ కూడా కలిపితే మన బడి చరిత్రలో ఒక పుట అవుతుందని నా ఆశ. అందుకని ఒక చిన్న ప్రశ్న పట్టుకుని నడుస్తాను: పాడేవాళ్లు ఎక్కడ నిలబడాలి? రికార్డింగు యంత్రం మారినప్పుడల్లా ఈ ప్రశ్నకి జవాబు మారింది. ఎవరి గొంతు పైకి వచ్చింది, ఎవరి గొంతు గుంపులో కలిసిపోయింది అన్నది ఆ జవాబును బట్టే తేలింది.

బూరా ముందు

మన దేశంలో గ్రామఫోను రికార్డుల కథ 1902లో కలకత్తాలో మొదలైంది. లండన్ గ్రామఫోను కంపెనీ పంపగా ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన సామాను పెట్టెలతో దిగి, ఒక హోటల్ గదినే స్టూడియోగా మార్చి, ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. అప్పటికి మైకు లేదు. గోడకి బిగించిన పెద్ద బూరా, దాని చివర పల్చటి పొర, ఆ పొరకి అతికించిన సూది, కింద తిరిగే మైనపు పళ్లెం. అంతే యంత్రం. విద్యుత్తు సాయం ఏమీ లేదు. పాడేవారి గొంతు బలమే గాలిని నెట్టి, పొరని అదిలించి, సూది చేత మైనంలో గీత గీయించాలి.

అలా గీసిన మైనపు ముద్రలు ఓడ ఎక్కి జర్మనీలోని హానోవర్ వెళ్లి రికార్డులుగా తిరిగి వచ్చేవి. పాట చివర గౌహర్ జాన్ తన పేరు ఇంగ్లీషులో చెప్పడం ఆ రికార్డుల్లో వినిపిస్తుంది. అక్కడి పనివాళ్లకి ఏ ముద్ర ఎవరిదో తెలియడానికే ఆ పేరు చెప్పించారంటారు. 1908లో కలకత్తాలోనే రికార్డులు అచ్చొత్తే కర్మాగారం వచ్చాక ఆ సముద్ర ప్రయాణం తప్పింది.

బూరా ముందు ఒక్కరు పాడటమే కష్టం. నలుగురు పాడాలంటే ఇంకా కష్టం. బూరా నోటి ముందు చోటు తక్కువ. అందరూ తలలు దగ్గరికి చేర్చి నిలబడాలి. గట్టి గొంతువాళ్లు వెనక్కి, చిన్న గొంతువాళ్లు ముందుకి. పైస్థాయి అందుకునేటప్పుడు పాడేవాళ్లు తల వెనక్కి లాక్కోవాలి, లేకపోతే సూది గీత దాటి గంతేస్తుంది. తప్పు వస్తే ఆ మైనం పనికిరాదు, మళ్లీ మొదటినుంచి పాడాల్సిందే. పది అంగుళాల రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. నాటకంలో ‘వన్స్ మోర్’ల మధ్య ఒక్క పద్యాన్ని ఎంతసేపైనా సాగదీసే మన నటులు రికార్డు దగ్గరికొచ్చేసరికి రాగం కత్తిరించుకోవాల్సి వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి రంగస్థల గాయకుల పద్యాలు ఊరూరా మోగింది ఈ మూడు నిమిషాల పళ్లేల మీదనుంచే.

1925లో మైకుతో, విద్యుత్తుతో రికార్డు చేసే పద్ధతి వచ్చింది. అప్పటిదాకా నాటకశాల చివరి వరుసకి వినపడే గొంతుకే రికార్డులో చోటు. ఇకమీదట చెవి దగ్గర చెప్పినట్టు పాడినా యంత్రం పట్టుకుంటుంది. రావు బాలసరస్వతీదేవి, సాలూరి రాజేశ్వరరావు లాంటివారి మెత్తని పాట రికార్డుల్లోకి, ఇళ్లలోకి రాగలిగింది ఈ మార్పు వల్లే. లలిత సంగీతం అని మనం పిలుచుకునేదానికి కవులూ స్వరకర్తలూ ఎంత కారణమో మైకు కూడా అంత కారణం. శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి’ మన బడికి టంగుటూరి సూర్యకుమారి పాడిన రికార్డు ద్వారానే వచ్చింది. మన పాటల మాస్టారు దాన్ని గ్రామఫోను మీద పదేపదే విని మాకు నేర్పారు. కాగితం మీద స్వరం రాసి ఇచ్చినవాళ్లెవరూ లేరు.

రేడియో వచ్చాక

మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. తెలుగు కార్యక్రమాలు మొదట అక్కణ్ణుంచే వినిపించేవి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. నిజాం కాలంనాటి దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియో హైదరాబాదు కేంద్రమైంది. 1963లో విశాఖపట్నం, కడప కేంద్రాలు తోడయ్యాయి. బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివారు స్వయంగా పాటలు రాసి, స్వరపరిచి, పాడించి, రేడియోని పెద్ద పాటల బడిలా నడిపారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’లై పిల్లలని మైకు ముందుకి తీసుకొచ్చారు. ఆ రోజుల్లో ఎక్కడో ఊళ్లో చదువుకునే పిల్లలకి కూడా రేడియోలో పాడొచ్చన్న ధైర్యం వచ్చిందంటే దాని వెనక ఆ దంపతుల శ్రమ ఉంది.

మొదట్లో రేడియోలో చాలా పాటలు అప్పటికప్పుడు పాడి ప్రసారం చేసినవే. పాడినవాళ్ల గొంతు ఆ క్షణంలోనే శ్రోత చెవిన పడేది, అక్కడితో సరి. తర్వాత అయస్కాంతపు టేపు వచ్చింది. 1200 అడుగుల టేపు సెకనుకి ఏడున్నర అంగుళాల వేగంతో తిరిగితే 32 నిమిషాలు వస్తుంది. తప్పు వస్తే మళ్లీ పాడించవచ్చు. బాగున్న ముక్కని బ్లేడుతో ఏటవాలుగా కోసి ఇంకో ముక్కకి అతికించవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పాడినవాళ్లు తమ పాట తామే రేడియోలో వినవచ్చు. మేం వెళ్లేనాటికి టేపుల కాలం బాగా స్థిరపడింది.

మన ప్రార్థన బృందం

రోజూ పొద్దున్నే వరండా మెట్ల మీద నిలబడి ప్రార్థన చెప్పే పిల్లలే ఆ బృందం. వేరే పేరేమీ లేదు. నలుగురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు. ఏడుగురిలో కొందరు ఇప్పుడు లేరు, ఉన్నవాళ్లు పేర్లు వద్దన్నారు. ఆ బ్యాచులవాళ్లకి ఎవరెవరో ఎలాగూ తెలుస్తుంది. మా అందరిలోకీ పెద్ద గొంతు మాకంటే ఒక తరగతి పైన చదివే అక్కది. ఆవిడ గొంతెత్తితే వరండాలో మొదలైన పాట గేటు దగ్గర ఐస్‌ఫ్రూట్ అమ్మే తాతకి వినపడేది. మైకు లేని బడికి ఆవిడే మైకు. ఆవిడ రాని రోజు ప్రార్థన సగంలో చల్లబడిపోయేది.

గుంపు పాటలో మొదటి చిక్కు శ్రుతి. అమ్మాయిలకి ఐదు శ్రుతి హాయి. గొంతు మారుతున్న వయసులో ఉన్న మాకు ఒకటిన్నర దాటితే పైన అందదు. మాస్టారు హార్మోనియం మీద నాలుగు కట్టి మధ్యే మార్గం అన్నారు. ఆ మార్గంలో అమ్మాయిలకి కింది స్వరాలు నేలకి దిగిపోయేవి, మాకు పై స్వరాలు తాటిచెట్టు ఎక్కేవి. చివరికి మాస్టారే ఉపాయం చెప్పారు. అమ్మాయిలు పాడిన స్వరాన్నే మేం ఒక స్థాయి కింద పాడాలి. అప్పుడు శ్రుతి ఐదు పెట్టినా అందరికీ అందింది. పడమటి దేశాల బృందాల్లో లాగా వేర్వేరు స్వరాలు కలిపి పాడటం మాకు తెలియదు. మద్రాసులో ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసు యూత్ క్వయర్‌తో అలాంటి ప్రయోగాలు చేస్తున్నారని మేం చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాం. అందరూ ఒకే వరస పాడటమే మా బృందగానం.

పిల్లల కార్యక్రమంలో పాడతామని మాస్టారు రేడియో స్టేషనుకి ఉత్తరం రాశారు. వచ్చి వినిపించమని జవాబు కార్డు వచ్చింది. వెళ్లి పాడి వచ్చాం. ఇంకో నెలన్నరకి రికార్డింగు తేదీతో కాంట్రాక్టు కాగితం వచ్చింది. ఆ కాగితాన్ని హెడ్‌మాస్టారు గారు నోటీసు బోర్డులో మూడు రోజులు ఉంచారు.

రెండు తలుపుల గది

రికార్డింగు గదికి రెండు తలుపులు ఉంటాయని అక్కడికి వెళ్లేదాకా తెలియదు. ఒకటి తీసుకుని చిన్న నడవలోకి వెళ్లాలి, అది మూసుకున్నాకే రెండోది తియ్యాలి. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆ ఏర్పాటు. చెప్పులు బయటే. కింద తివాచీ, గోడలకి చిల్లుల పలకలు. లోపలికి వెళ్లి మాట్లాడితే మాట నోటి ముందే ఆగిపోయినట్టుంది. మన వరండాలో పాడితే రేకుల కప్పు, ఎదుటి గోడ కలిసి గొంతుని పెంచి తిరిగి ఇచ్చేవి. ఆ గది ఏమీ తిరిగి ఇవ్వదు. మొదటిసారి పాడినప్పుడు ఏడుగురం ఒకరినొకరు చూసుకున్నాం. మన గొంతులేనా ఇవి, ఇంత సన్నగా ఉన్నాయేమిటి అన్న అనుమానం అందరి ముఖాల్లోనూ.

అద్దం అవతల కూర్చున్న ఇంజినీరు గారు మాకు చాలా నేర్పారు. ఆయన నేర్పినవి ఏ సంగీతం పుస్తకంలోనూ నాకు మళ్లీ కనపడలేదు.

మొదటిది గాజులు. అమ్మాయిలు చెయ్యి కదిలిస్తే గాజుల చప్పుడు మైకులో గంటలు మోగినట్టు వినపడుతోందని ఆయన అన్నారు. తీసెయ్యమంటే అమ్మాయిలు నేల చూపులు చూశారు. ఒట్టి చేతులతో ఉంటే ఇంట్లో అమ్మలు ఊరుకోరు. మాస్టారు పరిస్థితి గమనించి, “జడ రిబ్బన్లు విప్పి గాజుల చుట్టూ చుట్టుకోండమ్మా” అన్నారు. ఆ రోజు నలుగురూ జుట్టు వదులుగా, ముంజేతులకి ఎర్ర రిబ్బన్లతో పాడారు.

రెండోది అక్షరాలు. మా దేశభక్తి గీతం పల్లవి ‘భ’తో మొదలవుతుంది. ఏడుగురు ఒకేసారి ‘భ’ అంటే ఏడు నోళ్ల గాలి మైకుని కొట్టి ‘ఢబ్’మని పేలేది. ఆ అక్షరం దగ్గర ముఖం ఒక వేలెడు పక్కకి తిప్పమన్నారు. ‘స’, ‘శ’ వచ్చినప్పుడు ఏడుగురూ స్పష్టంగా పలికితే పాము బుస కొట్టినట్టుంటుంది, కాబట్టి ఇద్దరు మాత్రమే గట్టిగా పలకండి, మిగిలినవాళ్లు తేలికగా వదిలెయ్యండి అన్నారు.

మూడోది ముగింపు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. చరణం చివర ఆ అచ్చుని ఎంతసేపు పట్టుకోవాలో మాకు ఏనాడూ ఒక లెక్క లేదు. వరండాలో ఎవరి ఊపిరి ఎంతుంటే అంత. టేపులో వింటే ఒకరి తర్వాత ఒకరు ఆగడం మెట్లు దిగుతున్నట్టు వినపడింది. మాస్టారు తాళం వేసి, మూడో దెబ్బకి అందరి నోళ్లూ మూతపడాలన్నారు. పాట మొదలుపెట్టడం అందరికీ వచ్చు, కలిసి ఆపడం ఆ రోజు నేర్చుకున్నాం.

మొదటిసారి పాడింది వినిపించినప్పుడు ఏడుగురిలో ఎవరూ తన గొంతు తనదని ఒప్పుకోలేదు. మాట్లాడేటప్పుడు మన గొంతు మనకి గాలిలోంచే కాక తల ఎముకల్లోంచి కూడా వినపడుతుంది, అందుకే లోపల నిండుగా అనిపిస్తుంది, బయటివాళ్లకి వినపడేది మాత్రం ఇదే అని ఇంజినీరు గారు చెప్పారు. ఆ మాట విన్నాక మా చిన్నవాడు చాలాసేపు మాట్లాడలేదు.

మూడడుగులు

ఆ గదిలో మైకు ఒక్కటే. అరచెయ్యి వెడల్పున, నిలువుగా వేలాడేది. దాన్ని రిబ్బను మైకు అంటారు. లోపల అయస్కాంతం మధ్య చాలా పల్చటి లోహపు పట్టీ ఉంటుంది, గాలి కదిలితే అది కదులుతుంది. ముందునుంచీ వెనకనుంచీ వచ్చే శబ్దాన్ని సమానంగా పట్టుకుంటుంది, పక్కలనుంచి వచ్చేదాన్ని దాదాపు వదిలేస్తుంది. అందుకని అమ్మాయిలని ఒక వైపు, అబ్బాయిలని రెండో వైపు ఎదురెదురుగా నిలబెట్టారు. డోలక్‌ని పక్కకి, మైకుకి అంతగా వినపడని చోట కూర్చోబెట్టారు. రోజూ బడి వైపు తిరిగి పాడే మేం మొదటిసారి ఒకరి పెదవులు ఒకరు చూస్తూ పాడాం.

మైకు ఒక్కటైతే ఎవరి గొంతు ఎంత ఉండాలన్నది మీటలతో తేలదు, కాళ్లతో తేలాలి. గట్టి గొంతు దూరంగా, చిన్న గొంతు దగ్గరగా. బూరా కాలంనాటి సూత్రమే ఇది. ఇంజినీరు గారు వింటూ, లౌడ్‌స్పీకరులోంచి ఒక్కొక్కరిని కదిలించారు. నన్ను అరడుగు ముందుకి. చిన్నవాణ్ణి ఇంకా ముందుకి, పీట మీదికి. అక్కని ఒక అడుగు వెనక్కి. మళ్లీ పాడాం. ఇంకో అడుగు. మళ్లీ పాడాం. “ఇంకొక్క అడుగు వెనక్కి వెళ్లమ్మా” అన్నారు. మూడో అడుగుకి ఆవిడ వీపు గోడకి దగ్గరపడింది.

అక్క ఏమీ అనలేదు. బడి మొత్తాన్ని మోసిన గొంతు అక్కడ ఎక్కువైపోయింది. మాస్టారు గ్రహించి దగ్గరికి వెళ్లి, “నీ గొంతు తగ్గించమని ఆయన అనలేదమ్మా, దూరం పెంచమన్నారు. నువ్వు ఎప్పటిలాగే పాడు” అన్నారు. ఆవిడ ఎప్పటిలాగే పాడింది. మూడోసారి పాడింది బాగా వచ్చింది. రెండోసారి పాడినదాంట్లో మొదటి చరణం ఇంకా బాగుందని, దాన్ని తెచ్చి దీనికి అతికిస్తామన్నారు. అంటే జనం విన్న ఆ పాటని ఆ రూపంలో మేం ఎప్పుడూ ఒక్క ఊపున పాడలేదు.

పంచాయతీ రేడియో

ప్రసారం రోజు సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు జనం చేరారు. లోపల రేడియో, బయట చెట్టుకి కట్టిన లౌడ్‌స్పీకరు. ఊళ్లో సొంత రేడియోలు ఉన్న ఇళ్లు తక్కువ, ఉన్నవాళ్లు కూడా ఆ రోజు అక్కడికే వచ్చారు. అనౌన్సరు బడి పేరు చెప్పగానే చప్పట్లు. ఆ చప్పట్లలో పల్లవి సగం పోయింది.

అక్క వాళ్లమ్మ ముందు వరుసలో కూర్చున్నారు. పాట అయ్యాక అందరూ బాగుందన్నారు. ఆవిడ మాత్రం కూతురి వైపు తిరిగి, “అందరూ పాడారు కానీ, నీ గొంతేదే?” అని అడిగారు. కోపంతో అడగలేదు. కూతురి గొంతుని ఎంత దూరంనుంచైనా పోల్చుకోగల తల్లి, ఆ పాట అంతా వెతుక్కుంది. గొంతు ఉంది. లేకపోతే పాటకి ఆ నిండుదనం రాదు. కానీ విడిగా లేదు. మూడడుగుల దూరం దాన్ని మా గొంతుల్లో కలిపేసింది. అక్క ఏం జవాబు చెప్పిందో నాకు వినపడలేదు.

ఆ టేపు ఇప్పుడు లేదు. ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు. ప్రసారం అయిపోయిన కార్యక్రమాన్ని చెరిపి అదే టేపుని మళ్లీ వాడుకోవడం ఇక్కడే కాదు, ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రసార సంస్థల్లో కూడా ఉన్న పద్ధతే. మహావిద్వాంసుల కచేరీలే అలా పోయాయి. పిల్లల పాట దాచమని అడగాలన్న ఊహ కూడా అప్పట్లో ఎవరికీ రాలేదు. బడి పేరు మీద వచ్చిన చెక్కుతో హార్మోనియం తిత్తి బాగు చేయించారు. మన రేడియో పాటకి మిగిలిన ఆనవాలు అదొక్కటే. ఆ హార్మోనియం తర్వాత ఎన్నో బ్యాచులకి శ్రుతి ఇచ్చింది.

హెడ్‌ఫోన్ల కాలం

పాతికేళ్ల కిందట మన సంఘం రజతోత్సవానికి పాత పాటలు సీడీగా తెద్దామని అనుకున్నారు. పట్నంలో ఒక ప్రైవేటు స్టూడియో మాట్లాడారు. ఏడుగురిలో ఐదుగురం వెళ్లాం. అప్పటికి మేం నలభైలు దాటినవాళ్లం, అక్క కూడా అంతే.

ఆ స్టూడియో చిన్నది. టేపు లేదు, కంప్యూటరు ఉంది. సీడీలో శబ్దం అంకెలుగా మారుతుంది, సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు. ముందు తబలా, కీబోర్డు రికార్డు చేసి ఉంచారు. మమ్మల్ని ఒక్కొక్కరినే అద్దాల గదిలోకి పిలిచి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, తాళం కోసం ‘టిక్ టిక్’ వినిపిస్తూ పాడమన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ట్రాకు. కలపడం తర్వాత మీటల మీద జరుగుతుంది. శ్రుతి అటూ ఇటూ అయితే ఆ ఒక్కరినే మళ్లీ పిలుస్తారు, మిగిలినవాళ్లు బయట టీ తాగవచ్చు.

అక్క వంతు వచ్చింది. లోపలికి వెళ్లి మైకుకి దూరంగా, గోడ దగ్గర నిలబడింది. స్టూడియో కుర్రాడికి అర్థం కాలేదు. “అమ్మా, మీరు వెనక నిలబడక్కర్లేదు. ముందుకి రండి. ఎక్కువైతే ఇక్కడ నేను తగ్గించుకుంటాను” అన్నాడు. అతనికి అది మామూలు మాట. మాకు అద్దం ఇవతల గుండె పట్టేసినట్టయింది. ఆవిడ మైకు దగ్గరికి వచ్చి పాడింది. వయసుతో గొంతులో కొంచెం గరుకు వచ్చింది కానీ బలం పోలేదు. విడిగా, స్పష్టంగా, ఒక్క ఆవిడ గొంతే గదంతా వినపడింది. బయటికి వచ్చాక, “అమ్మ ఉన్నప్పుడు రాలేదు కదరా ఈ మిషను” అంది. వాళ్లమ్మ పోయి అప్పటికి రెండేళ్లు.

ఆ సీడీ మన సంఘం బీరువాలో ఉంది. అందులో అందరి గొంతులూ శుభ్రంగా ఉన్నాయి. శ్రుతి తప్పలేదు, ‘భ’ పేలలేదు, అచ్చులన్నీ ఒక్కసారే ఆగాయి. అయినా వింటుంటే ఏదో తక్కువగా అనిపించేది. ఆలోచిస్తే తెలిసింది. ఐదుగురం ఆ పాటని కలిసి పాడలేదు. ఎవరికి వారు పాడితే యంత్రం కలిపింది. రేడియో స్టేషనులో నేను చరణం చివర ఊపిరి చాలక తడబడితే ఎదురుగా ఉన్న అమ్మాయి నా ముఖం చూసి ఇంకొంచెం పట్టుకుంది. అలాంటిది ఈ సీడీలో ఉండటానికి వీల్లేదు.

అలాగని పాత పద్ధతే మేలని నేను అనను. ఒక్క మైకు కాలంలో కలిసి పాడటం ఉంది, దానికి ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. ఈ కాలంలో ఎవరూ వెనక్కి వెళ్లనక్కర్లేదు, ఒకరి కోసం ఒకరు ఊపిరి పట్టుకోనూ అక్కర్లేదు. ప్రతి యంత్రం ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంది.

ఈ వ్యాసం రాశాక అక్కకి ఫోన్ చేసి చదివి వినిపించాను. అది మూడడుగులా నాలుగా అన్న వాదన మా మధ్య ఇంకా తేలలేదు. ఇన్నేళ్లలో అడగని ప్రశ్న ఒకటి అప్పుడు అడిగాను, ఆ రోజు బాధపడ్డావా అని. “పడ్డాను. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. కానీ ఒకటి చెప్పనా? మీరందరూ మైకు దగ్గర గుంపుగా నిలబడ్డారు, మీకు మీ పక్కవాళ్ల గొంతే వినపడి ఉంటుంది. వెనక గోడ దగ్గర నాకు ఏడు గొంతులూ వినపడ్డాయి. ఆ పాట మొత్తం విన్నది నేనొక్కదాన్నే” అంది.

టేపు చెరిగిపోయింది కాబట్టి ఇప్పుడు ఆ మాట ఇంకా నిజం.

ఒక విన్నపం

మనలో చాలామంది ఇళ్లలో పాత క్యాసెట్లు ఉన్నాయి. బడి వార్షికోత్సవాల్లో పాడినవి, ఏకపాత్రాభినయాలు, మాస్టార్ల వీడ్కోలు ఉపన్యాసాలు. 1963లో క్యాసెట్ వచ్చాక, మన ఊళ్లకి ఎనభైల్లో టేప్ రికార్డర్లు చేరాక, బడి గొంతుని దాచింది స్టూడియోలు కాదు, ఆ చిన్న పెట్టెలే. దయచేసి పారేయకండి. పాత టేపుని ఏళ్లతరబడి వాడని యంత్రంలో తొందరపడి పెట్టకండి, చుట్టుకుపోయి తెగవచ్చు. తేమ తగలని చోట, లౌడ్‌స్పీకర్ల అయస్కాంతాలకి దూరంగా ఉంచండి. తెలిసినవాళ్ల చేత కంప్యూటరులోకి ఎక్కించి, ఒక ప్రతి సంఘానికి ఇవ్వండి.

ఇచ్చేటప్పుడు ఒక కాగితం జత చెయ్యండి. పాట పేరు, ఏడాది మాత్రమే రాస్తే చాలదు. ఎవరెవరు పాడారో, ఎవరు ఎక్కడ నిలబడ్డారో కూడా రాయండి. వెనక నిలబడినవారి పేరు ముందు రాయండి. ఆ గొంతు కోసం వెతుక్కునేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.